సామాను కట్టే బెల్టులు – మా సంఘం నేర్చుకున్న పాఠం
(సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో ఒక సంఘం లీడర్ చేసిన ప్రసంగం)



ప్రతి ఏడాది ఈ మీటింగులో లీడర్లం లేచి పొదుపు ఎంత అయింది, బ్యాంకు లింకేజీ ఎంత వచ్చింది, కిస్తీలు ఎట్ల కట్టినం అని చెప్తం. ఈసారి అధ్యక్షురాలు అక్క నన్ను పిలిచి, "లెక్కలు రిపోర్టులో ఎట్లాగూ ఉంటయి, నువ్వు ఆ బెల్టుల సంగతి చెప్పు" అన్నది. నేను చదివింది పదో తరగతి. ఇంజినీరును కాదు. మాకు జరిగింది, మేం చూసి, అడిగి తెలుసుకున్నది చెప్తా. తప్పు కూడా దాచకుండా చెప్తా.

మనలో సామాను మోయని వాళ్లు ఎవరున్నరు? పండ్లు అమ్మేవాళ్లు ఉన్నరు, దిల్‌సుఖ్‌నగర్ ఫుట్‌పాత్ మీద బట్టలు అమ్మేవాళ్లు ఉన్నరు, వంటలు ఒప్పుకొని చేసేవాళ్లు ఉన్నరు, టిఫిన్ బండి పెట్టినవాళ్లు ఉన్నరు. సరుకు మీద వేలకు వేలు పెడతం. దాన్ని బండి మీద కట్టే తాడు దగ్గరకొచ్చేసరికి, ఇంట్ల ఏదుంటే అది పట్టుకొని పోతం. మేం కూడా అంతే చేసినం.

కొత్తపేటల గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ ఉన్నన్ని రోజులు మా వాళ్లకు దూరం సమస్య లేకుండె. తోపుడు బండి మీదనే తెచ్చుకునేటోళ్లు. 2021లో మార్కెట్ బాటసింగారం పోయింది. అంటే ఎల్బీనగర్ దాటి, హయత్‌నగర్ దాటి, ఔటర్ రింగ్ రోడ్డు దాటి, విజయవాడ హైవే మీద పోవాలె. అప్పటినుంచి ట్రాలీ ఆటో లేకుండా పండ్లు రావు. మా ఆయనది ట్రాలీ ఆటో. మా సంఘంల పండ్లు అమ్మే అక్కలు ముగ్గురు కలిసి సరుకు తెస్తరు, కిరాయి పంచుకుంటరు. నేను కూడా పొద్దున తోడు పోతుంట.

పోయిన ఎండాకాలం, మామిడి సీజన్ల, తెల్లారకముందే 30 డబ్బాలు ఎక్కించినం. ప్లాస్టిక్ డబ్బాలు, ఒకదాని మీద ఒకటి. ఒక్కోటి సుమారు 20 కిలోలు. మీద నుంచి తాడు తిప్పి కట్టింది ఎవరో కాదు, నేనే. గట్టిగనే కట్టిన అనుకున్న. హయత్‌నగర్ దగ్గర ముందల బస్సు ఆగితే మా ఆయన బ్రేకు వేసిండు. డబ్బాలు కొంచెం ముందుకు జరిగినయి. తాడు వదులైంది. అది మేం చూడలే. మళ్లీ బండి లాగంగనే, మీది వరుస వెనక్కి జారి 12 డబ్బాలు రోడ్డు మీద పడ్డయి. వెనక బైకు మీద వస్తున్న పిల్లగాడు తప్పించబోయి కిందపడ్డడు. చెయ్యి విరిగింది.

దేవుడి దయవల్ల ప్రాణానికి ఏం కాలే. దవాఖానకు మేమే తీసుకపోయినం. వాళ్లమ్మ వచ్చింది. తిడుతుందేమో అనుకున్న. తిట్టలే. నా దిక్కు చూసి, "కట్టేటప్పుడు చూసుకోవద్దా అమ్మా" అని ఒక్క మాట అన్నది. ఆ మాట నాకు ఇప్పటికీ చెవుల్ల ఉన్నది.

దవాఖాన ఖర్చు మేం పెట్టుకున్నం. పండ్లు పోయినయి. ఆ సరుకు సంఘం అప్పుతోటి తెచ్చింది. రెండు కిస్తీలు ఆలస్యమైనయి. సంఘం మొత్తం కూర్చొని అంతర్గత అప్పు ఇచ్చి మమ్మల్ని ఆదుకున్నది. తాడు ధర వంద రూపాయలు కూడా లేదు అక్కా. దానివల్ల పోయింది ఎంతో మీరే లెక్క వేసుకోండ్రి.

తరువాత మేం ఆలోచన చేసినం. తాడు తెగలేదు కదా, మరి డబ్బాలు ఎట్ల పడ్డయి? హైవే మీద లారీలు నడిపే మా దూరపు చుట్టం ఒకాయనను అడిగినం. ఆయన చెప్పింది ఇదీ. తాడు సాగుతది. సామాను కుదుపుకు కిందికి కూర్చుంటది. కట్టినప్పుడు ఉన్న బిగువు పది కిలోమీటర్లు పోయేసరికి ఉండదు. ఇంకో మాట కూడా చెప్పిండు. మీద నుంచి కట్టే కట్టు సామానును కిందికి అదుముతది, ఆ అదుముడు వల్లనే కింద బండి పలకకు, సామానుకు నడుమ రాపిడి పెరుగుతది, ఆ రాపిడే సామానును జరగనియ్యదు. కట్టు వదులైతే రాపిడి పోయినట్టే. తాడు చూడనీకె ఉన్నట్టే ఉంటది గానీ పని చేయదు.

లెక్క కూడా చెప్పిండు. యూరప్ దేశాలల్ల ఒక నియమం ఉన్నదట. బండి గట్టిగ బ్రేకు వేస్తే, సామాను తన బరువుల 100కు 80 వంతుల బలంతోటి ముందుకు తోస్తదని లెక్క పెట్టుకోవాలె. పక్కలకు, వెనకకు 100కు 50 వంతులు. అంటే మా 30 డబ్బాలు 600 కిలోలైతే, ముందుకు 480 కిలోల తోపుడు, పక్కకు 300 కిలోల తోపుడు. నేను ఒక్క చేత్తోటి వేసిన ముడి దానికి ఏం ఆగుతది?

అప్పుడు సంఘం తరఫున రాచెట్ బెల్టులు కొనాలని తీర్మానం చేసినం. అదే, కటకటమని పిడి తిప్పితే బిగుసుకుపోయే పట్టీ బెల్టు. రాణిగంజ్, బేగంబజార్ దిక్కు దొరుకుతయి. నాలుగు కొన్నం. ఐదు మీటర్ల పొడుగు, రెండు కొసలకు ఇనుప హుక్కులు. మస్తు సంబరపడ్డం.

వారం తిరగకముందే సమస్య మొదలైంది. బండ్లు రకరకాలు కదా. ట్రాలీ ఆటోకు కింద హుక్కు తగిలించే కమ్మీ ఉన్నది, బాగనే కుదిరింది. వంటల అక్క టాటా ఏస్ కిరాయికి మాట్లాడుతది. దాని కమ్మీ లావు, హుక్కు నోరు దానికి పట్టలే, కొసకే తగిలింది. కుదుపుకు ఊడింది. బట్టలు అమ్మే చెల్లె స్కూటీ మీద మూటలు తెస్తది. స్కూటీకి ఐదు మీటర్ల బెల్టు చుడితే మూడు మీటర్లు మిగులుతది, అది చక్రంల పడితే మనిషే పడుతది. ఇంకొకామె కారు మీద పెళ్లి సామాను కట్టింది, హుక్కుకు రంగు గీకింది, కారాయన లొల్లి పెట్టిండు. ఒక్కో బండికి ఒక్కో బెల్టు కొనాలంటే మనతోని కాదు. ఉన్న బెల్టునే అన్ని బండ్లకు పనికొచ్చేటట్టు చేసుకోవాలె అనుకున్నం.

అక్కడే మేం తప్పు చేయబోయినం. ఆ తప్పు ఏందో ముందు చెప్తా, తరువాత ఒప్పు చెప్తా.

మా సంఘంల టైలర్ వదిన ఉన్నది. చెయ్యి మంచిది. ఆమె ఏమన్నదంటే, "హుక్కులు కోసేద్దాం, బెల్టు కొసను మడతపెట్టి లూపులెక్క కుట్టేద్దాం, ఏ బండికైనా దూర్చుకోవచ్చు. మనమే కుట్టి అమ్ముకోవచ్చు కూడా." మాట అందరికీ నచ్చింది. నాకూ నచ్చింది. కొత్తపేటల ఒక షాపాయన 50 బెల్టులు ఇస్తే తీసుకుంట అన్నడు. వదిన మందం బట్ట కుట్టే మిషన్ కోసం సంఘంల 40 వేలు అప్పు తీసుకున్నది. ఆ అప్పు కాయితం మీద లీడర్‌గ సంతకం పెట్టింది నేనే.

అమ్మే ముందు ఒక్కసారి పరీక్ష చేద్దామని పండ్ల అక్క పట్టుబట్టింది. పడ్డవి ఆమె పండ్లే కదా, ఆమెకు భయం ఉన్నది. మా గల్లీల కడుతున్న ఇంట్ల మేస్త్రీని అడిగి, ఇనుప దూలానికి బెల్టు వేలాడదీసినం. 20 లీటర్ల నీళ్ల డబ్బాలు ఒక్కొక్కటి కట్టుకుంట పోయినం. నీళ్లు నిండిన డబ్బా అంటే 20 కిలోల పైనే. ఎవరూ కింద నిలబడొద్దని పిల్లలను దూరం కొట్టినం. మొదటిది మామూలు బట్టలు కుట్టే దారంతో ఇంటి మిషన్ మీద కుట్టిన లూపు. మూడు డబ్బాలకు ఆగింది. అందరం చప్పట్లు కొట్టినం. నాలుగో డబ్బా తగిలించంగనే కుట్టు టర్రుమని విప్పుకపోయింది. డబ్బాలు కిందపడి పగిలినయి. బెల్టు లేబుల్ మీద 500 కిలోలు అని రాసి ఉన్నది. బెల్టు గట్టిదే. మన కుట్టు 80 కిలోలకే విడిపోయింది.

కొత్త మిషన్ మీద లావు దారంతోటి, చుట్టూ పెట్టెలెక్క, నడుమ అడ్డంగ ఇంటూ గుర్తులెక్క కుట్టింది వదిన. అది ఆరు డబ్బాలు ఆపింది. ఇంకా డబ్బాలు లేవు మా దగ్గర. "చూసినవా, ఆగింది కదా" అన్నది. నిజంగనే ఆగింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలే. ఊగకుండా వేలాడే నీళ్ల డబ్బా వేరు, గుంతల్ల ఎగిరే బండి వేరు. గుంజుడు వేరు, ఒక్కసారి కొట్టే జర్క్ వేరు. రెండు ఎండాకాలాలు ఎండినంక ఆ దారం ఎట్లుంటదో మాకు తెల్వదు. ఫ్యాక్టరీ వాడు మిషన్ పెట్టి బెల్టును తెగేదాకా గుంజి చూసి, అప్పుడు లేబుల్ మీద అంకె వేస్తడు. మేం కుట్టిన బెల్టు మీద ఏం అంకె వేస్తం? ఎవరిని చూసి వేస్తం? అది కొన్నోళ్ల బండి వెనక కూడా ఒక తల్లి కొడుకు బైకు మీద వస్తుంటడు.

మీటింగు పెట్టినం. గొడవ అయింది. వదిన ఏడ్చింది. "అప్పు తీసుకున్నంక ఇప్పుడు వద్దంటే నేనెట్ల కట్టాలె" అన్నది. ఆమె మాటల తప్పు లేదు. ముందే పరీక్ష చేయకుండా అప్పుకు సంతకం పెట్టింది నా తప్పు. అది అందరి ముందల ఒప్పుకున్న. చివరకు తీర్మానం రాసినం: "బరువు మోసే కుట్టు మన సంఘం పేరుతో వేయం, అమ్మం." షాపాయన ఆర్డరు వాపసు ఇచ్చేసినం.

మరి వదిన మిషన్ ఏమైంది అంటరా? ఆ మిషన్ మీద ఇప్పుడు టార్పాలిన్ కవర్లు, మార్కెట్ సంచులు, బెల్టులకు కావాల్సిన చిన్న సామాన్లు కుడుతున్నది. అనుకున్నంత లాభం లేదు. కిస్తీ గడవడానికి సరిపోతున్నది. నాతోని కొన్ని నెలలు సరిగ్గ మాట్లాడలే. బతుకమ్మ నాడు మాట్లాడింది. ఇయ్యాల ఇక్కడే మూడో వరుసల కూర్చున్నది, నన్నే చూస్తున్నది.

ఇగ ఒప్పు చెప్తా. బెల్టు బలాన్ని ముట్టుకోకుండా, అన్ని బండ్లకు పనికొచ్చేటట్టు మేం చేసుకున్న మార్పులు ఐదు. రాసుకునేవాళ్లు రాసుకోండ్రి.

ఒకటి. హుక్కు కోసేయొద్దు. దానికి తోడు "సాఫ్ట్ లూప్" అని దొరుకుతది. ఫ్యాక్టరీల కుట్టి, లేబుల్ ఉన్న చిన్న పట్టీ చుట్టు అది. బండి లావు కమ్మీకి దాన్ని చుట్టి, రెండు కొసలు కలిపి అండ్ల హుక్కు తగిలించాలె. టాటా ఏస్ లావు కమ్మీకైనా, స్కూటీ వెనక పట్టుకునే కమ్మీకైనా అదే సరిపోతది. ఇనుము ఇనుముకు రాసుకోదు, రంగు గీకదు. నాలుగు బెల్టులకు ఎనిమిది లూపులు కొన్నం. ఈ ఒక్కదానితోటే మా సగం సమస్య తీరింది.

రెండు. పొడుగు తగ్గించాలంటే హుక్కు లేని ఖాళీ కొసనే కొయ్యాలె. హుక్కు దగ్గర ఫ్యాక్టరీ కుట్టు ఉంటది, దాని జోలికి పోవద్దు. కోసిన కొసను మైనపు వత్తి మంట దగ్గర పెట్టి కరిగిస్తే పోగులు లేవవు. రాచెట్‌కైతే ఐమూలగ కోస్తే సందుల సులువుగ దూరుతది. స్కూటీకి మాత్రం రాచెట్ వద్దు. వేలితో నొక్కితే వదిలే చిన్న క్యామ్ బకిల్ బెల్టు, 25 మిల్లీమీటర్ల వెడల్పుది చాలు. దాని కొసను బకిల్‌లకు ఎక్కించినంక మూడు మడతలు పెట్టి కుట్టుకోవచ్చు. అది బరువు మోసే కుట్టు కాదు, కొస జారిపోకుండా అడ్డం మాత్రమే.

మూడు. మిగిలిన తోకను కట్టే పట్టీ. తోక చుట్టచుట్టి, అంటుకునే వెల్క్రో పట్టీతోటి కట్టేయాలె. వదిన కుట్టినవి రంగురంగులు ఉన్నయి. ఎర్రది ట్రాలీ బెల్టు, పచ్చది స్కూటీ బెల్టు, నీలంది కారు బెల్టు. గుర్తు కోసం బెల్టు మీద సూది దించొద్దు. సూది గుచ్చిన కాడల్ల పోగులు తెగుతయి.

నాలుగు. తొడుగు. పాత జీన్స్ ప్యాంటు కాళ్లు గొట్టంలెక్క కుట్టి బెల్టుకు ఎక్కిస్తం. బెల్టుకు కుట్టం, అటూ ఇటూ జరగాలె. డబ్బా అంచు, గుండిగ అంచు ఎక్కడ తగిలితే అక్కడికి జరుపుతం. బెల్టు తెగేది ఎక్కువగ బరువుకు కాదు, పదునైన అంచుకు రాసుకొనే.

ఐదు. లేబుల్‌కు ప్లాస్టిక్ కవరు. లేబుల్ చిరిగిపోయిన బెల్టు ఎంత బరువుకు పనికొస్తదో ఎవరికి తెలుసు? లేబుల్ మీద రెండు అంకెలు ఉండొచ్చు. ఒకటి తెగే బరువు, ఇంకోటి వాడుకోదగిన బరువు. చాలా చోట్ల వాడుకోదగింది తెగే దాంట్ల మూడో వంతే ఉంటది. షాపోడు పెద్ద అంకె చూపిస్తడు, మనం చిన్న అంకె చూడాలె. యూరప్ పద్ధతిల లేబుల్ రంగు కూడా చెప్తది: నీలం అయితే పాలిస్టర్, ఆకుపచ్చ అయితే నైలాన్, గోధుమ రంగు అయితే పాలీప్రొపిలీన్. సామాను కట్టనీకె పాలిస్టర్ మంచిది. తక్కువ సాగుతది, ఎండకు కూడా కొంచెం ఎక్కువ ఆగుతది.

ఇవి చేసినా, కట్టే పద్ధతి తప్పైతే లాభం లేదు. కాబట్టి ఇంకొన్ని మాటలు.

సామానును ముందల క్యాబిన్ గోడకు ఆనించి పెట్టండ్రి. బ్రేకు వేసినప్పుడు గోడ ఆపుతది. నడుమ సందు ఉంచొద్దు. కింద రబ్బరు చాప వేస్తే రాపిడి పెరుగుతది, బెల్టుకు బరువు తగ్గుతది. బెల్టు సామాను మీద నుంచి ఎంత నిట్టనిలువుగ దిగితే అంత బాగ అదుముతది. వెడల్పుగ, అడ్డంగ పోతే అదుముడు తగ్గుతది. రాచెట్ ఇరుసు మీద బెల్టు కనీసం రెండు చుట్లు పడాలె, మూడు దాటొద్దు. బెల్టు పొట్టిగైతే ముడివేసి అతకొద్దు. ముడి పడితే బలం సగం దాకా పోవచ్చు. ఐదారు కిలోమీటర్లు పోయినంక బండి పక్కకు ఆపి ఒక్కసారి చేయి వేసి చూసి మళ్లీ బిగించండ్రి. మేం ఇప్పుడు పెద్దఅంబర్‌పేట దగ్గర ఆపుతం, రెండు నిమిషాల పని. విప్పేటప్పుడు పక్కకు నిలబడండ్రి, సామాను మీదికి ఒరిగి ఉండొచ్చు. ఈ బెల్టులు కట్టడానికే. వీటితోటి ఏదీ పైకి ఎత్తొద్దు, ఉయ్యాల కట్టొద్దు. అంచు కోసుకున్నది, కాలింది, కుట్టు ఊడింది కనిపిస్తే ఆ బెల్టు పక్కన పెట్టేయండ్రి.

బెల్టు ఉన్నది కదా అని ఎక్కువ ఎక్కించొద్దు. మోటారు వాహనాల చట్టం 194 సెక్షన్ల 2019లో మార్పు వచ్చింది. సామాను బండి పక్కలకు, ముందుకు, వెనకకు, ఎత్తుకు హద్దు దాటి బయటికి వస్తే 20 వేల రూపాయల జరిమానా, పైగ సామాను దింపే ఖర్చు కూడా మనదే. 20 వేలంటే మన ఇండ్లల్ల ఎన్ని కిస్తీలో నేను చెప్పనక్కర లేదు.

ఇప్పుడు మా సంఘంల బెల్టులకు ఒక బుక్కు ఉన్నది, అప్పుల బుక్కు లెక్కనే. ఎవరు తీసుకపోయిన్రు, ఏ బండికి, ఎప్పుడు తెచ్చిన్రు, తెచ్చినప్పుడు ఎట్లున్నది అని రాస్తం. సంతకం లేకుండా బెల్టు కదలదు. ఒక్కో సభ్యురాలు విడిగ కొనే పని లేదు. మొత్తం సామాను ఒక సంచిల పడుతది. మిగతా సంఘాలు కూడా ఇట్లా పెట్టుకుంటే, కావాలంటే మేం వచ్చి చూపిస్తం. తోక పట్టీలు, తొడుగులు మాత్రం మా వదిన దగ్గరనే కొనండ్రి అని అడుగుతున్న. ఆ అప్పుల నా సంతకం కూడా ఉన్నది కదా.

ఆ పిల్లగాని చెయ్యి బాగైంది. సంక్రాంతికి వాళ్లింటికి పండ్లు పట్టుకొని పోయినం. వాళ్లమ్మ చాయ్ ఇచ్చింది. బయటికొచ్చి మా ట్రాలీల కట్టిన డబ్బాల దిక్కు చూసింది. బెల్టు మీద చెయ్యి వేసి ఒకసారి గుంజి చూసింది. ఏమనలేదు. అంతే చాలనిపించింది నాకు.

సామాను కట్టినంక మీరు కూడా ఒక్కసారి గట్ల గుంజి చూసి బండి ఎక్కండ్రి.